మేడం గారి మడిలో తుంగ

ఒక మనిషి రెండేళ్ల చదువును గంటన్నరలో పీకి గేదెకు మేతగా వేసిన ఘనత నాది. కంగారు పడకండి, నిదానంగా చెబుతాను.

రెండు వేల నాలుగు ప్రాంతంలో నేను వట్లూరు దగ్గర ఒక కాలేజీలో బీయస్సీ చదివేదాన్ని. రోజూ ఉంగుటూరు నుంచి బస్సు. బోటనీ చెప్పే రజియా మేడంది ఏలూరు. సముద్రపు ఇసుకదిబ్బల మీద పెరిగే ఒక రకం తుంగ మీద ఆవిడ పీహెచ్‌డీ చేస్తున్నారు. పేరుపాలెం నుంచి ఇసుకా మొక్కలూ బస్తాల్లో తెచ్చి, కాలేజీ వెనక మడి కట్టి పెంచుతున్నారు. ఈ సంగతి క్లాసులో మూడుసార్లు చెప్పారట. నేను కిటికీ పక్కన కూర్చునేదాన్ని.

ఒక శనివారం మేడం పిలిచి, "సోమవారం మా గైడు గారు చూడ్డానికి వస్తున్నారమ్మా. ఆ మడి కాస్త శుభ్రం చేసి పెట్టు. రైతుబిడ్డవి, నీకు వేరే చెప్పాలా" అన్నారు.

సోమవారం పొద్దున్నే వెళ్లి చూస్తే మడి నిండా తుంగ. వరిచేల మధ్య పుట్టినవాళ్లకు తుంగంటే కలుపే, కనబడితే చెయ్యి ఊరుకోదండీ. నడుమ ఒక్క లేత మొక్క మాత్రం ఊపిరాడక నిలబడి ఉంది. ఇంత తుంగలో ఇదొక్కటే బతికిందా అని మేడం మీద జాలేసింది. చున్నీ నడుముకు బిగించాను.

మా అమ్మ చూసి ఉంటే మెచ్చుకునేది కాదు. మా చేలో నేను కలుపు తీసిన చోటల్లా తను మళ్లీ వచ్చి తీస్తుంది. వేళ్లదాకా లాగకుండా పైపైన తెంపుతానని ఆవిడ ఫిర్యాదు.

తుంగంతా వాచ్‌మన్ గేదెకు వేశాను. అది ఒక్క పరక మిగల్చలేదు. లేత మొక్కకు పుల్ల పాతి, దారం కట్టి, నీళ్లు పోశాను.

పదింటికి గైడు గారితో వచ్చిన మేడం మడి వంక చూసి ఆగిపోయారు.

"తుంగ ఏదమ్మా?"

"మొత్తం తీసేశానండీ. మీ మొక్క ఒక్కటే ఉంచాను."

గైడు గారు వంగి, ఆకు నలిపి వాసన చూశారు. చాలా మర్యాదస్థులు. "రజియా గారూ, మీ పరిశోధన టమాటా మీదకు మారిందాండీ?" అని అడిగారు.

ఎవరి క్యారేజీలోంచో పడిన గింజ అది. మేడం గట్టు మీద కూలబడ్డారు. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ రెండేళ్ల కష్టం గేదె కడుపులో ఉందనుకుంటే అన్నం సహించేది కాదు.

పన్నెండో రోజున మేడం నన్ను మడి దగ్గరికి పిలిపించారు. ఇసుకలో దారం పట్టి నాటినట్టు వరసగా పచ్చటి మొలకలు. నేను తెంపింది పైపైనే. ఇసుక కింద పాకిన వేళ్లు చెక్కుచెదరలేదు. తెంపాక తుంగ మళ్లీ ఎలా లేస్తుందో కూడా రాయమన్నారట గైడు గారు. థీసిస్‌లో ఒక అధ్యాయం పెరిగింది.

"నీకు కలుపు తీయడం రాదు కాబట్టి బతికిపోయానమ్మా" అన్నారు మేడం.

ఇంటికెళ్లి చెబితే, బియ్యంలో రాళ్లు ఏరుతున్న అమ్మ తలెత్తకుండానే, "ఆ ముక్క నేనెప్పటినుంచో చెబుతున్నాను" అంది.

కాబట్టి పాఠకుల ఎదుట ప్రమాణం చేస్తున్నాను. పేరు అడగకుండా ఇక ఏ మొక్క మీదా చెయ్యి వేయను. తప్పనిసరై వేస్తే మాత్రం, పైపైనే తెంపుతాను.