ఇంట్ల పేరా, బాయి పేరా?

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. గోదావరిఖనిలో ఒక బొగ్గుగని ఆఫీసులో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేశాను. కాగితం మీద ఉన్నదే నమ్మే బుద్ధి నాది. చిక్కల్లా ఏమిటంటే, ఈ సంగతి నా దగ్గరికి కాగితం మీదే వచ్చింది.

దానియేలు సార్ నస్పూర్‌లో మాకు చదువు చెప్పారు. రిటైరయ్యాక గోదావరిఖనికి వచ్చి, యాకూబ్ భాయ్ సైకిల్ దుకాణం అరుగు మీద స్టూలు వేసుకుని, పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా అడిగినవాళ్లందరికీ అర్జీలు రాసిపెట్టేవారు. షిఫ్టు దిగి నల్లటి చేతులతో వచ్చేవాళ్లకు అక్కడే పలక మీద సంతకం నేర్పేవారు. ఎవరైనా వేలిముద్ర వేయబోతే మాత్రం తిట్లే. దవాఖానలో తోడు లేనివాళ్లకు తోడు కూర్చునేవారు. బస్తీ అంతా ఆయన్ని పెద్దసారు అనేది.

అర్జీ మొదలుపెట్టేముందు ఒకటే అడిగేవారు. "ఇంట్ల పేరా, బాయి పేరా?"

మా దగ్గర గనిని బాయి అంటారు. ఆ రోజుల్లో పనికి పిలుపు అందినవాడు రాకపోతే, అతని పేరుతో ఇంకొకడు దిగేవాడు. ఆ పేరే నిలిచిపోయేది. ఇంట్లో మల్లయ్య, గనిలో కొమురయ్య. మనిషి ఉన్నన్నాళ్లు ఇబ్బంది లేదు, పోయాకే ఇంటివాళ్లు చిక్కుల్లో పడేవారు. అప్పుడు సార్ రెండు పేర్ల మధ్య 'ఉరఫ్' అని రాసి, ఇద్దరూ ఒక్కరేనని సాక్షి సంతకం పెట్టేవారు.

అలా చిక్కుబడినామె లచ్చమ్మ. ఆమె భర్త మల్లయ్యే గనిలో కొమురయ్య. జబ్బుచేసి చనిపోయాడు. అతని స్థానంలో ఆమెకు ఉద్యోగం రావాలి. రాకపోతే క్వార్టర్ ఖాళీ చేసి ఇద్దరు ఆడపిల్లలతో రోడ్డున పడాలి. అతన్ని చిన్నప్పటి నుంచి ఎరిగిన ఇద్దరు సాక్షులు కావాలన్నారు ఆఫీసర్లు. ఒకరు సార్. రెండో సాక్షిగా ఉండమని ఆయన నన్ను అడిగారు. నస్పూర్‌లో మల్లయ్య మా వాడకట్టువాడే.

కుదరదన్నాను. రూల్స్ వల్లించాను.

"నీకు ఎరికనే గద బిడ్డా" అని మాత్రం అని వెళ్లిపోయారు.

తెలుసు. నా పేరు కూడా నాది కాదు. పచ్చకామెర్లతో పోయిన మా అన్న సర్టిఫికెట్ మీద నేను ఉద్యోగంలో చేరాను. ఆఫీసులో శంకరయ్యను. రాజలింగు అని పిలిచే మా అమ్మ పోయాక ఆ పేరు సంగతి, మా అన్నదమ్ములిద్దరికీ చదువు చెప్పిన సార్‌కు తప్ప ఇక్కడ ఎవరికీ తెలియదు. మల్లయ్యకు సాక్ష్యం చెబితే నా పుట్టుపూర్వోత్తరాలు తవ్వుతారని భయపడ్డాను. ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

పదిహేను రోజులకు, ఒక గురువారం, సార్ గుండెపోటుతో పోయారు. శుక్రవారం సాయంత్రం సమాధి చేశారు. పిడికెడు మట్టి నేనూ వేశాను. శనివారం ఆఫీసుకు వెళ్లి, సాక్ష్యం తేకపోతే దరఖాస్తు మూసేస్తామని లచ్చమ్మకు లేఖ టైపు చేశాను. దాని మీద నంబరు వేసింది కూడా నేనే.

సోమవారం పదిన్నరకు లచ్చమ్మ వచ్చింది. వారం నుంచి కాసిపేటలో తల్లి దగ్గర ఉండి ఆదివారమే తిరిగొచ్చిందట. పక్కింటివాళ్లు ఇచ్చిన నా లేఖ పట్టుకుని పొద్దున్నే దుకాణం అరుగు మీద సార్ దగ్గరికి వెళ్లిందట.

"పెద్దసారు ఇప్పుడే రాసిచ్చిండు సారూ. ఇగ మీ దస్కత్ ఒక్కటే కావాల్నన్నడు."

కాగితం మీద సార్ దస్తూరీ. పైన సోమవారం తేదీ. సిరా వేలికి అంటుకుంది. శనివారం నేను వేసిన లేఖ నంబరు, కింద మల్లయ్య ఉరఫ్ కొమురయ్య, ఆ కింద లచ్చమ్మ వంకర సంతకం.

సార్ పోయి నాలుగు రోజులైందని మెల్లగా చెప్పాను. ఆమె నమ్మలేదు.

"సచ్చిపోయినోళ్లు తిడ్తరా సారూ? ఏలుముద్ర ఎయ్యబోతె నన్ను ఎంత తిట్టిండో!"

ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి యాకూబ్ భాయ్ ఇంటికి వెళ్లాను. గురువారం నుంచి దుకాణం తెరవలేదన్నాడు. స్టూలు లోపలే ఉందన్నాడు. "చాబీ నా జేబుల్నే ఉంది భాయ్. ఎవరు తీస్తరు?"

ఒక సంగతి ఇందాక దాటేశాను. కాగితం చివర మొదటి సాక్షి చోట సార్ సంతకం ఉంది. రెండో సాక్షి చోట ఆయన చేత్తోనే పేరు రాసి, పక్కన సంతకానికి ఖాళీ వదిలారు. రాజలింగు ఉరఫ్ శంకరయ్య.

తిరిగొచ్చి సంతకం పెట్టాను. ఎవరూ ఏమీ అడగలేదు. లచ్చమ్మకు ఉద్యోగం వచ్చింది.

దస్తూరీని ఎవరైనా అనుకరించవచ్చు. కానీ శనివారం పుట్టిన నంబరు గురువారం పోయిన మనిషి దస్తూరీలోకి ఎలా వచ్చిందో, వేరెవరైనా రాశారంటే నా పేరు వాళ్లకు ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు.

నా రిటైర్మెంటు కాగితాల్లోనూ మా అన్న పేరే ఉంది. అమ్మ పెట్టిన పేరుతో నేను సంతకం చేసింది ఆ ఒక్క కాగితం మీదే. అన్నేళ్ల గుమాస్తాను, ఆ రోజు నా అక్షరాలు లచ్చమ్మ అక్షరాల్లాగే వంకరగా వచ్చాయి.