గంటకు మైలున్నర

ముప్పై ఒక్క ఏళ్లు హైమ మనుషుల్ని నిద్రపుచ్చింది. ఆపరేషన్ బల్ల మీద పడుకున్నవాళ్ల తలవైపు కూర్చుని, చేతి నరంలోకి మందు ఎక్కిస్తూ, పది నుంచి వెనక్కి లెక్కపెట్టమనేది. ఏడు దాటి లెక్కపెట్టినవాళ్లు ఆమెకు జ్ఞాపకం లేరు. వాళ్లు నిద్రలో ఉన్నంతసేపూ తను మేలుకుని వాళ్ల ఊపిరిని కనిపెట్టుకుని ఉండడమే ఉద్యోగం. శాన్ రామన్‌లో తెలుగువాళ్లందరికీ ఆమె మత్తు డాక్టరమ్మ. పూజల్లో, పుట్టినరోజుల్లో ఎవరికైనా పరిచయం చేస్తే, "ఈవిడ దగ్గర జాగ్రత్త, మాట్లాడుతూ మాట్లాడుతూనే పడుకోబెట్టేస్తారు" అని నవ్వేవాళ్లు.

అరవై రెండో ఏట ఉన్నట్టుండి ఉద్యోగం మానేసింది. మోకాళ్ల నొప్పులు, ఎక్కువసేపు నిలబడలేకపోతున్నాను అంది. భర్త శ్యామ్‌సుందర్ నమ్మాడు. కూతురు కృతి సియాటిల్ నుంచి వచ్చి పెద్ద పార్టీ చేసింది. అందరూ చప్పట్లు కొట్టారు, హైమ కేకు కోసింది. ఆ రోజు నుంచీ ఆమెకు సరైన నిద్ర లేదు.

ఆ మొదటి వసంతంలో ఏం చేయాలో తోచక వాకింగ్ గ్రూపు వాళ్లతో కలిసి అల్మనార్ సరస్సుకు వెళ్లింది. శాన్ రామన్ నుంచి ఉత్తరంగా నాలుగున్నర గంటల డ్రైవ్. మైళ్లకు మైళ్లు నీళ్లు, చుట్టూ పైన్ చెట్లు, దూరంగా మంచు కప్పుకున్న లాసెన్ కొండ. మిగతావాళ్లు ఫోటోలు తీసుకుంటుంటే హైమ నీళ్ల మీద ఒక పడవని చూసింది. ఆగి ఉందనుకుంది. పావుగంట పోయాక చూస్తే అవతలి ఒడ్డున ఒక చెట్టు దాటి ఇంకో చెట్టు ముందుకు వచ్చింది. అంటే నడుస్తోందన్నమాట. అంత నింపాదిగా పోయే వస్తువుని ఆమె అమెరికాలో అంతవరకూ చూడలేదు.

రేవు దగ్గర ఎరలు అమ్మే కొట్టు ఒకటుంది. దాన్ని నడిపే ముసలాయన పేరు వేన్. ఆ పడవ సంగతేమిటని అడిగితే, దాన్ని ట్రోలింగ్ అంటారన్నాడు. చెంచాలా మెరిసే చిన్న రేకుని గాలానికి తగిలించి, నూరడుగుల దారం వెనక్కి వదిలి, పడవని గంటకు మైలున్నర వేగంతో నడపాలి. మంచు కరిగే మార్చి నెలలో ట్రౌట్ చేపలు లోతుల్లోంచి పైకొచ్చి, చిన్న చేపల కోసం ఒడ్డు వెంబడి తిరుగుతాయి. రేకుని చూసి చిన్న చేపనుకుని నోట పట్టుకుంటాయి.

"మరి నేనేం చేయాలి?" అని హైమ అడిగింది.

"తొందరపడకూడదు, అంతే. చాలామందికి చేతకాదు" అన్నాడాయన.

ఆమెకు చేతనయింది. మరుసటి ఏడాదికల్లా పదహారడుగుల అల్యూమినియం పడవ వాళ్ల డ్రైవ్‌వేలో ట్రెయిలర్ మీద కూర్చుంది. చేపలు ఆమెకు కొత్తకాదు. భీమవరం పక్కన పుట్టిన మనిషి. చిన్నప్పుడు పంటకాలవ గట్ల మీద అన్నయ్యల వెనక వానపాముల డబ్బా పట్టుకుని తిరిగింది. కొత్తగా దొరికింది నిశ్శబ్దం. శ్యామ్‌సుందర్ ఒక్కసారి పడవెక్కి, గంటసేపు వణికి, "నీకో దండం" అని మళ్లీ రాలేదు. తర్వాత నాలుగైదు వసంతాలు హైమ ఒక్కతే ఆ నీళ్ల మీద తిరిగింది.

ఈ ఏడు రాధారాణి వెంటపడింది. ఆమెది అదే వీధిలో నాలుగిళ్ల అవతల. హన్మకొండ మనిషి, ఫార్మసిస్టుగా చేసి జనవరిలోనే రిటైరయింది. గుడ్డు కూడా ముట్టని శాకాహారి.

"చేపలు పట్టుడు నాకొద్దు గానీ, నువ్వు గంతసేపు మాట్లాడకుండ ఎట్ల కూసుంటవో చూడాలె అక్కా" అంది.

మార్చి మూడోవారంలో ఇద్దరూ వెళ్లి సరస్సు దగ్గర క్యాబిన్‌లో దిగారు. మర్నాడు పొద్దున ఏడింటికి పడవని నీళ్లలోకి దింపారు. చెక్కవంతెన మీద పొడిమంచు పిండి జల్లినట్టుంది. రాధారాణి రెండు స్వెట్టర్లు, వాటి మీద కోటు, కోటు మీద లైఫ్ జాకెట్ వేసుకుని చేతులు కిందికి దించలేక నిలబడింది. హైమ ఆమెని వెనక మోటారు దగ్గర కూర్చోబెట్టి, పిడి ఎటు తిప్పితే పడవ ఎటు తిరుగుతుందో చూపించింది. పక్కనే చిన్న జీపీఎస్ తెర ఉంది.

"దీన్లో వేగం కనిపిస్తుంది. ఒకటి పాయింట్ ఐదు. అది దాటనివ్వకు, తగ్గనివ్వకు. ఒడ్డుకి ఇంతే దూరంలో పోతూ ఉండు."

"గంతేనా? నా వాకింగే దీనికంటె ఫాస్ట్ ఉంటది."

హైమ రెండు గాలపు రాడ్లకూ రేకులు కట్టి నీళ్లలో వదిలింది. దారం రీలు మీదనుంచి సన్నగా పాడుతూ వెళ్లింది. తర్వాత రాడ్లను చెరో పక్క గొట్టాల్లో నిలబెట్టి, వాటి కొసలు కనబడేలా మధ్య బల్ల మీద కూర్చుంది. రేకు నీళ్లలో ఊగుతుంటే రాడ్డు కొస సన్నగా అదురుతూ ఉంటుంది. ఒకే లయ. ఆ అదురు మారితే ఏదో జరిగిందన్నమాట.

పడవ కదిలిందో లేదో తెలియనట్టు కదిలింది. గాలి లేదు. లాసెన్ కొండ తలకిందులుగా నీళ్లలో పడుకుని ఉంది, పడవ దాని మంచు మీదనుంచే పోతున్నట్టుంది. బాతుల జంట ఒకటి లేచి, రెక్కల చప్పుడు చాలాసేపు వినబడనిచ్చి, ఎక్కడో దిగింది. రాధారాణి పదినిమిషాలు మాట్లాడలేదు. అది ఆమె జీవితంలో రికార్డయి ఉండాలి.

"ఎంత లోతుంటది అక్కా?"

"ఇక్కడ ముప్పై అడుగులు. వందేళ్ల కిందట ఈ సరస్సే లేదు రాధా. కింద అంతా పచ్చికబయలు. నదికి ఆనకట్ట కట్టి ముంచేశారు. మైదూ అని ఇక్కడి తెగవాళ్లు, వాళ్ల ఊళ్లన్నీ ఆ గడ్డిలోనే ఉండేవట."

రాధారాణి పక్కకి వంగి నీళ్లలోకి చూసింది. హైమ కూడా చూసింది. ఎన్నిసార్లు ఇక్కడికి వచ్చినా ఆమెకు అదే అనిపించేది. కింద గడ్డి ఇంకా ఒరుగుతూ లేస్తూ ఉన్నట్టు, తమ పడవ నీడ దాని మీద మేఘంలా పోతున్నట్టు.

ఎనిమిదిన్నరకి పొగమంచు వచ్చింది. కొండ ముందు పోయింది, తర్వాత ఒడ్డు, తర్వాత నీళ్లు కూడా పోయాయి. తెల్లటి దూదిలో పడవ ఒక్కటే మిగిలింది. మోటారు గురక దగ్గరగా వినబడుతోంది.

"ఏం కనబడ్తలేదు అక్కా!" రాధారాణి గొంతులో కంగారు.

"తెర మీద కనిపిస్తుంది. ఒడ్డు గీత చూసుకుంటూ పో. మనం పోయే స్పీడుకి గుద్దుకున్నా ఒడ్డుకి కూడా నొప్పి ఉండదు."

రాధారాణి నవ్వింది. కాసేపటికి, "నువ్వు రాత్రి నిద్రపోలే. నీ రూముల లైటు చూసిన. ఇప్పుడు జర పడుకోరాదు? నేను చూస్త గద" అంది.

"వద్దులే. రాడ్లు చూడాలి."

"అవి కూడ నేనే చూస్త. గీ వొంగే పుల్లలు చూసుడుకు మెడికల్ డిగ్రీ కావాల్నా?"

పొగమంచు హైమ కనురెప్పల మీద సన్నటి చుక్కలుగా నిలిచింది. ఎదురుగా మనిషి మొహం కూడా సరిగ్గా కనబడడం లేదు. బహుశా అందుకే నోరు పెగిలింది.

"నా మోకాళ్లకి ఏం లేదు రాధా."

"ఏంది?"

"ఉద్యోగం మోకాళ్ల గురించి మానలేదు. ఒకరోజు పొద్దున మామూలు ఆపరేషన్, గాల్‌బ్లాడర్. ముప్పై ఏళ్లు కూడా లేని కుర్రాడు. అంతా సరిగ్గా జరుగుతోంది. మానిటర్ టిక్కు టిక్కుమంటోంది. ఆ చప్పుడు వింటూ వింటూ నేను ఎటో వెళ్లిపోయాను. నిద్రపోయానో ఏమో నాకే తెలియదు. గోడ మీద గడియారం చూసేసరికి ఏడు నిమిషాలు అయిపోయాయి. ఆ ఏడు నిమిషాలూ నా దగ్గర లేవు."

మోటారు గురక పెడుతూనే ఉంది.

"ఆ అబ్బాయి?"

"ఏం కాలేదు. లేచి మంచినీళ్లడిగాడు. వెళ్తూ వెళ్తూ నాకు థాంక్స్ కూడా చెప్పాడు." హైమ రాడ్డు దారం బిగువుని వేలితో చూసింది. "ఎవరికీ తెలియదు. ఆ నెలలోనే నోటీసిచ్చాను. ఇంట్లో కూడా చెప్పలేదు."

ఏం కాలేదుగా, మర్చిపో అంటుందేమోనని హైమ భయపడింది. ఆ మాట తనకు తానే వేలసార్లు చెప్పుకుంది. ఎప్పుడూ పనిచేయలేదు.

రాధారాణి తెర వైపు చూసింది. వేగం ఒకటి పాయింట్ ఆరు చూపిస్తుంటే కొంచెం తగ్గించింది.

"తప్పే అక్కా. పెద్ద తప్పే" అంది. "నేను ముప్పై ఏళ్లు మందులిచ్చిన, నాకు తెలుసు. తెలుసుకున్నవ్, బంద్ చేసినవ్. ఇంకేం చేస్తవ్ మరి? ఆరేండ్ల సంది మెలకువతోని కూసుంటె ఆ ఏడు నిమిషాలు వాపస్ వస్తయా?"

హైమ తలెత్తి ఆమె వైపు చూసింది. పొగమంచులో ఎర్రటి ఉన్ని టోపీ మాత్రం కనిపించింది.

"పడుకో. ఇక్కడ ఎవరికీ ఆపరేషన్ అయితలేదు."

పడవ అడుగున పరిచిన దళసరి చాప మీద హైమ తలకింద లైఫ్ జాకెట్ల సంచీ పెట్టుకుని ఒరిగింది. ఊరికే కళ్లు మూసుకుందామనుకుంది. అల్యూమినియం రేకుకి అవతల, చెవికి అంగుళం దూరంలో, నీళ్లు గుసగుసలాడుతున్నాయి. ఆ మాటలు ఏమిటో వినాలనుకుంటుండగానే పచ్చటి గడ్డి మోకాళ్లదాకా వచ్చింది. అందులో నడుస్తోంది. పైన, ఆకాశం ఉండాల్సిన చోట, పడవల అడుగుభాగాలు తెల్లగా తేలుతున్నాయి. ఎవరో దూరం నుంచి పది, తొమ్మిది, ఎనిమిది అని లెక్కపెడుతున్నారు. ఎవరా అని చూడబుద్ధి కాలేదు. గడ్డి వెచ్చగా ఉంది.

"అక్కా! అక్కా! పుల్ల వొంగింది! మొత్తం వొంగింది!"

లేచేసరికి ఎడమ రాడ్డు విల్లులా వంగి ఉంది, రీలు కీచుమంటోంది. హైమ నిద్రమత్తులోనే రాడ్డు అందుకుంది. చేతులకు పని తెలుసు. చేప లాగితే వదిలింది, అలిసి ఆగితే చుట్టింది. పది నిమిషాలకు నీళ్లలో బంగారురంగు మెరుపు ఒకటి తిరగబడింది.

"వల పట్టు రాధా! దాని తల కింద పెట్టి పైకెత్తు!"

"అయ్యో, నేనా? నాతోని కాదు!"

"ఎత్తు!"

రాధారాణి గట్టిగా కళ్లు మూసుకుని, మోటారు పిడి వదిలేసి, వల నీళ్లలో ముంచి ఎత్తింది. ఎలా పడిందో పడింది. మూరకు మించిన బ్రౌన్ ట్రౌట్, పసుపు ఒంటి మీద నల్లచుక్కలు, వాటి మధ్య అక్కడక్కడా కుంకుమబొట్లు. ఇద్దరూ ఊపిరి పీల్చుకుని దాన్ని చూస్తూ కూర్చున్నారు.

అప్పుడు హైమకి అనుమానం వచ్చింది. పొగమంచు ఎప్పుడో విడిపోయింది. ఎండ కాస్తోంది. ఎదురుగా ఒడ్డున ఆ మధ్య కార్చిచ్చుకి కాలిపోయిన అడవి, నల్లటి మాన్లు బారులు తీరి ఉన్నాయి.

"మనం బయల్దేరింది తూర్పు ఒడ్డున, ఇది పడమటి ఒడ్డు. ఎలా వచ్చాం ఇక్కడికి? నేనెంతసేపు పడుకున్నాను?"

"రెండు గంటలు" అంది రాధారాణి బెదురుగా. "ఒడ్డు వెంబడే పోయిన అక్కా. జర మలుపు తప్పినట్టుంది. నిన్ను లేపబుద్ధి కాలే. నోరు తెరుచుకుని మంచిగ పడుకున్నవ్."

తెర మీద పడవ నడిచిన దారి గీతగా పడి ఉంది. ముందు కాసేపు తిన్నగా వెళ్లి, తర్వాత చుట్లు చుట్లుగా తిరిగి, ఒకచోట పూర్తిగా సున్నా చుట్టి, సరస్సు నడిమధ్య నుంచి అడ్డంగా ఇవతలికి వచ్చింది. హైమ దాన్ని చూసి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కళ్లనీళ్లు వచ్చాయి. ఆ నీళ్లు కాసేపు ఆగలేదు. రాధారాణి ఏమీ అడగకుండా ఫ్లాస్కులోని కాఫీ కప్పులో పోసి చేతికిచ్చింది.

రేవుకు చేరేసరికి పన్నెండయింది. అక్కడ ఫోన్ సిగ్నల్ ఉంది. హైమ చెక్కవంతెన చివరికి వెళ్లి, నీళ్లవైపు తిరిగి శ్యామ్‌సుందర్‌కి ఫోన్ చేసింది. రాధారాణికి చెప్పినదంతా అదే వరసలో చెప్పింది. అవతల టీవీలో క్రికెట్ కామెంటరీ వినిపిస్తున్నదల్లా ఆగిపోయింది.

ఆయన, "ఇంత బరువు ఒక్కదానివే మోశావా?" అన్నాడు. తర్వాత కొంచెం తడబడి, "అంటే మోకాళ్లు బాగానే ఉన్నాయా? ఆరేళ్లుగా ఆ బట్టల బుట్ట మేడమీదికి నేను మోస్తున్నాను కదా హైమా!" అన్నాడు.

"వచ్చాక నేను మోస్తాను లెండి."

"వద్దు. అలవాటైపోయింది. జాగ్రత్తగా డ్రైవ్ చేసుకుని రా."

రేవు పక్కనే చేపలు శుభ్రం చేసుకునే బల్ల ఉంది. హైమ చన్నీళ్ల పంపు తిప్పి చేప పొట్ట కోసింది. రాధారాణి మొహం అటు తిప్పుకుని నిలబడింది. కానీ ఎంతసేపని తిప్పుకుంటుంది? మెల్లగా దగ్గరికి వచ్చింది. చేప కడుపులో వేలెడంత వెండిచేపలు, ఒకదాని పక్కన ఒకటి సర్దినట్టు పదకొండు ఉన్నాయి. కడపటిది ఇంకా మెరుస్తోంది, ఇప్పుడే నీళ్లలోంచి తీసినట్టుంది.

"గిన్ని తిన్నంక కూడ మన రేకు కావాల్సొచ్చిందా దీనికి?" అని రాధారాణి పేపర్ నాప్కిన్‌తో ఆ కడపటి చేపని ఎత్తింది. అరచేతిలో పెట్టుకుని చూసింది. తర్వాత వంతెన చివరికి నడిచి, వంగి, దాన్ని నీళ్లలో వదిలింది. అది కదల్లేదు. గజానికోసారి తళుక్కుమంటూ, ఆకు రాలినట్టు అటూ ఇటూ ఊగుతూ కిందికి పోయింది. కనబడినంతసేపు ఇద్దరూ చూశారు.

"క్యాబిన్ల మూకుళ్లు ఎన్ని ఉన్నయ్ అక్కా?" రాధారాణి చేతులు తుడుచుకుంటూ అడిగింది.

"రెండు."

"మంచిది. నీ చేపకొకటి, నా అప్పడాలకొకటి. రెండు కల్పినవంటె ఊరుకోను."