మూడు సెక్షన్లకు ఒకే టేపు

ఎనభైల మొదట్లో కొత్తపేట దగ్గర ఒక హైస్కూల్లో పదో తరగతికి భౌతికశాస్త్రం చెప్పాను. నా చదువు ఎలక్ట్రానిక్స్ డిప్లొమా. సెలవు పెట్టిన మాస్టారి స్థానంలో నన్ను డిసెంబరు వరకే తీసుకున్నారు. ఆ తర్వాత వేసవి దాకా ఉంచాలో వద్దో హెడ్మాస్టారు రాయాలి. మా ఇంట్లో జీతం వచ్చేది నా ఒక్కడికే.

నా అలసటకు కారణాలు నోటుబుక్కు చివరి పేజీలో రాసుకున్నాను. ఒకటి, సెక్షన్లు మూడు కాబట్టి ఒకే పాఠం రోజుకు మూడుసార్లు. రెండు, పెంకుల మీద వాన పడితే అరిచి చెప్పాలి. మూడు, మా ఊరు పలివెల నుంచి ఎదురుగాలిలో సైకిలు. మూడోదానికి మందు లేదు. మొదటి రెండింటికీ మా బావగారు కువైట్ నుంచి తెచ్చిన టేప్‌రికార్డరు పనికొస్తుందనిపించింది. కొత్త పద్ధతి అంటూ ఏమీ అనుకోలేదు. ఓపిక లేక మొదలుపెట్టాను.

ఆదివారం పొద్దున్న పాఠం రికార్డు చేశాను. సోమవారం ‘ఎ’ సెక్షన్లో రికార్డరు బల్ల మీద పెట్టి, బోర్డు మీద బొమ్మలు గీసి కూర్చున్నాను. టేపు మధ్యలో మా అమ్మ గొంతు వచ్చింది: “ఒరేయ్, ఇడ్లీ చల్లారిపోతోందిరా.”

“వెళ్ళి తినండి మాస్టారూ, మేం వింటాంలెండి” అంది వెనక బెంచీ.

నిజంగానే విన్నారు. మర్నాడే క్లాసు లీడరమ్మాయి రికార్డరు పక్కకి స్టూలు లాక్కుంది.

“ఇది ఆగట్లేదండీ. మాకు అర్థమైందో లేదో దీనికేం తెలుస్తాది?”

నియమాలు వాళ్ళే పెట్టుకున్నారు. ఎవరు చెయ్యెత్తినా ఆ అమ్మాయి పాజ్ నొక్కుతుంది. తెలిసినవాళ్ళు లేచి బోర్డు దగ్గర చెప్పాలి. అడిగినవాళ్ళు అర్థమైందని “ఆయ్” అంటేనే టేపు కదలాలి. ఎవరికీ తెలియకపోతే అందరూ నావైపు తిరుగుతారు. వారంలో మిగతా రెండు సెక్షన్లూ ఇదే పట్టుకున్నాయి. పీరియడ్ మొత్తానికి టేపు ఐదారు నిమిషాలు నడిస్తే గొప్ప. పిల్లలకు పాఠం ఒంటబడుతోందని తెలుస్తూనే ఉంది. పోర్షన్ వెనకబడుతోందనీ తెలుస్తూనే ఉంది.

నవంబరులో ఒకరోజు హెడ్మాస్టారు వచ్చి ‘ఎ’ సెక్షన్ వెనక బెంచీలో కూర్చున్నారు. డిసెంబరు దగ్గరపడింది కాబట్టి ఎందుకో నాకు తెలుసు. ఆ రోజు పాఠం నిరోధాల కలయిక. టేపు నడుస్తోంది. ఎవరూ చెయ్యెత్తకుండానే లీడరమ్మాయి ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ పెట్టింది. నిరోధాలను సమాంతరంగా కలిపితే మొత్తం నిరోధం పెరుగుతుందని నా గొంతు రెండోసారి చెప్పింది.

“తగ్గాలి కదండీ మాస్టారూ? మేమేమైనా తప్పు విన్నామాండీ?”

నోట మామూలుగా చెప్పి ఉంటే గాలిలో పోయేది. “లేదమ్మా. నేనే తప్పు చెప్పేను” అన్నాను.

“ఎందుకు తగ్గుతాదే?” అన్నాడు ముందు బెంచీ కుర్రాడు.

ఆ అమ్మాయి సుద్దముక్క తీసుకుంది. “కాలవకి ఒక తూము ఉందనుకో. పక్కనే ఇంకో తూము తీసేరు. చేలోకి నీళ్ళు ఎక్కువెళ్తాయా, తక్కువెళ్తాయా?”

“ఎక్కువే.”

“మరి అడ్డు తగ్గినట్టే కదా.”

“ఆయ్” అన్నాడు వాడు. టేపు కదిలింది. హెడ్మాస్టారు లేచి వెళ్ళిపోయారు.

సాయంత్రం గదికి పిలిచారు. “తప్పు సంగతి వదిలేయండి. పోర్షన్ ఎంతవరకు వచ్చింది?”

“సగం లోపేనండీ.”

“శనివారాలు మధ్యాహ్నం కూడా పెట్టుకోండి.” కాగితం మీద సంతకం చేశారు. “ఏప్రిల్ దాకా రాసేను. తొమ్మిదో తరగతి రెండు సెక్షన్లు కూడా మీరే చూడండి. ఇన్నాళ్ళూ చెప్పిన లెక్కల మాస్టారు ఇక చెప్పలేనంటున్నారు. మీకైతే గొంతు ఖర్చు లేదు కదండీ.”

టేపు ఆగినప్పుడల్లా ప్రతి పిల్లాడి అనుమానం వింటూ కూర్చోవడం నోటితో పాఠం చెప్పడం కన్నా ఎక్కువ అలసట అని ఆయనకు చెబుదామనుకున్నాను. కాగితం ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

“ఆయ్, అలాగేనండీ” అన్నాను.