చాకు మీది పేరు

మామిడికాయ కోసినప్పుడల్లా ఈ చాకు నుంచి పులుపూ ఇనుమూ కలిసిన వాసనొకటి వస్తుంది. అది ముక్కుకు తగిలితే చాలు, సింహాచలం గారి మీద నాకు మళ్లీ ఒళ్లు మండుతుంది. ఎనభైల చివర్లో బిలాస్‌పూర్ రైల్వే షెడ్డు స్టోర్స్‌లో ఆయన హెడ్ క్లర్కు, నేను కొత్తగా చేరిన గుమాస్తాను. ఈ ఇంగ్లీషు మడత చాకును ఎవరో దొర దేశం వదిలి వెళుతూ, ఖలాసీగా పనిచేసే ఆయన తండ్రికి ఇచ్చాడట. బ్లేడు మొదలు దగ్గర షెఫీల్డ్ అన్న ఊరి పేరు కనిపించేది. దానిపైన ఉండే తయారీదారు పేరు మాత్రం అరిగిపోయింది.

షెడ్డులో ఏటా విశ్వకర్మ పూజకు పనిముట్లన్నీ పేర్చి కుంకుమ అద్దుతారు, పంతులు అందరి పేర్లూ చదువుతాడు. ఆ పేర్లలో చాకు చేసినవాడి పేరు కూడా చదివించమని తండ్రి పోతూ అడిగాడట. సింహాచలం గారు దాన్ని పట్టుకుని వదల్లేదు.

"మా అయ్య బతుకంతా దీంతోనే కోసుకు తిన్నాడు. సేసినోడి పేరేటో తెలీకుండా దండమెట్టడం ఏటయ్యా?"

"ఆ చేసినవాడు పోయి ఎన్నేళ్లయిందో సార్!"

"అచ్ఛా, మనిషి పోతే పేరు కూడా పోద్దేటి?"

ఆదివారం వస్తే నా ప్రాణం మీదికొచ్చేది. భూతద్దం, సుద్దపొడి పట్టుకుని తార్‌బహార్‌లో నా గది తలుపు తట్టేవారు. బ్లేడుకు సుద్ద రుద్ది, ఎండకు వంచి, "ఈ అచ్చరం ఆరా, బీయా?" అనేవారు. వదిలించుకుందామని "బీ" అంటే, "మొన్న ఆర్ అన్నావు. సూసి సెప్పు, తోసింది సెప్పకు" అని కసిరేవారు. ఒకసారి ముసలి ఆంగ్లో ఇండియన్ గార్డు ఒకాయన దగ్గరికి ఈడ్చుకెళ్లారు. ఆ పెద్దమనిషి చాకును అటూ ఇటూ తిప్పి, టీ తాగి, తన మోకాళ్ల నొప్పులన్నీ చెప్పి, చివరికి "ఇంగ్లండ్‌దే" అని తేల్చాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఒక ఏడు పూజకు ముందు, గడియారాలు బాగుచేసే అతని అద్దంలో చూస్తే రెండు కొత్త అక్షరాలు బయటపడ్డాయి. నిజం చెప్పొద్దూ, నాకూ ఆశ పుట్టింది.

ఆ వారమే ఆయన భార్య పార్వతమ్మగారు కొత్త స్టీలు గిన్నెలను పేర్లు కొట్టించడానికి బజారుకు పంపారు. మన ఇళ్లలో పేరు లేని గ్లాసు ఉండదు కదా. గిన్నెలతోపాటు బుట్టలో చాకూ వెళ్లింది. ఆ కొట్టువాడు బ్లేడుకు మెరుగు పట్టి, పాత అక్షరాలున్న చోటే హిందీలో 'సింహాచలం' అని గుండ్రంగా కొట్టి పంపాడు.

"ఇన్నాళ్ల పనీ నీళ్లపాలయింది కదండీ!" అని అరిచింది నేనే.

"ఎక్కడైనా పోతాదేమోనని ఏయించినాను నాయనా," అంటూ ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

సింహాచలం గారు చాలాసేపు చాకునే చూశారు. కళ్లు తుడుచుకున్నారు. "అచ్చరాలు బాగా కొట్టాడే," అన్నారు ఆమెతో, అంతే.

రిటైరైన రోజున "నువ్వైనా కనుక్కో" అని చాకు నా చేతిలో పెట్టారు. ఎక్కడని కనుక్కోను, నా తలకాయ! ఆయన అంటించిన జబ్బు మాత్రం వదల్లేదు. ఎవరేమడిగినా, తోచింది చెప్పబోయి టక్కున ఆగిపోతాను.

ఇప్పటికీ విశ్వకర్మ పూజనాడు ఇంట్లో చాకుకు కుంకుమ పెడతాను. పంతులు పేర్లు అడుగుతాడు. ఏదో ఒక ఇంగ్లీషు పేరు చెబితే ఆయనకేం తెలుస్తుంది? కానీ తోచింది చెప్పకూడదు కదా. చాకును వెలుతురుకు వంచి, చూసే చెబుతాను.

"సింహాచలం."