చామంతుల రోజు

పక్కింటి ఇటలీ ఆవిడ సెప్టెంబరు మొదటి సోమవారం ఆసుపత్రిలో పోయింది. ఆవిడ కొడుకు ఫెన్స్ అవతల నిలబడి, "మమ్మీ పోయింది ఆంటీ" అన్నాడు. ఆ వెంటనే చెత్తడబ్బాను లోపలికి ఈడ్చుకుపోయాడు.

ఇంగ్లండులో రీడింగ్ అనే ఊళ్ళో మా అబ్బాయి ఇంటికి నేను వచ్చి తొమ్మిదేళ్ళు. ఆ తొమ్మిదేళ్ళూ ఆవిడే నా పొరుగు. దక్షిణ ఇటలీలో ఏదో కొండ ఊళ్ళో పుట్టి, బిస్కట్ ఫ్యాక్టరీలో పనిచేసే భర్త వెంట ఇక్కడికి వచ్చిందట.

నేను వచ్చిన ఏడే ఆ భర్తను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చారు. రోగిని చూడటానికి వట్టి చేతులతో వెళ్ళడం మా ఇంటా వంటా లేదు. పసుపు చామంతుల కుండీ కొన్నాను. మన వైపు అంతకన్నా శుభమైన పువ్వేముంది? ఆవిడ తలుపు తీసి, కుండీ చూసి, గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. కుండీని గుమ్మం బయటే దించింది. ఎంత పొగరో అనుకుని నేను మాట మానేశాను.

మూడు వారాలకు ఆయన పోయాడు. శ్మశానంలో ఎటు చూసినా చామంతులే. వాళ్ళలో ఆ పువ్వు పోయినవాళ్ళకేనని అక్కడ తెలిసింది.

క్షమించమని అడగడం నాకు అలవాటు లేదు. అయినా వెళ్ళాను.

"ఆయన కిటికీలోంచి చూశాడు సిన్యోరా," అంది ఆవిడ. నన్నెప్పుడూ అలాగే పిలిచేది. "'ఈవిడకి తొందరెక్కువ' అని నవ్వాడు. ఆ నెలంతటికీ అదొక్కటే నవ్వు."

అప్పటినుంచి ఏటా నవంబరు రెండున, అది వాళ్ళ పెద్దల రోజు, ఇద్దరం బస్సెక్కి ఆయన సమాధికి చామంతులు తీసుకెళ్ళేవాళ్ళం. ఆవిడ చిన్న బ్రష్షుతో రాయి తోమేది. ఆయన పేరు కింద సగం రాయి ఖాళీగా ఉంచింది, బస్సులో సీటుకు రుమాలు వేసినట్టు.

"చావకముందే ఈ ఏర్పాట్లేమిటి?" అని కసిరాను.

"పేరు లేని చోటికి పూలెవరు తెస్తారు?" అంది.

ఆగస్టు వచ్చిందంటే పెరట్లో టమాటాలు ఉడికించి, ఏడాదికి సరిపడా సీసాలకెత్తేది. ఉప్పు దగ్గర నాకూ ఆవిడకూ పేచీ. ఒకసారి ఆవిడ మనవరాలు ఆ టమాటాలతో చేసిన పాస్తా ముందు కూర్చుని, "కెచప్ లేదా?" అంది. ఆవిడ గరిటె కింద పెట్టేసింది. నేను నవ్వలేకపోయాను. నేను తెలుగులో అడిగితే మా మనవరాలు ఇంగ్లీషులోనే జవాబిస్తుంది.

పోయినేడు సమాధి దగ్గర ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "మావాడికి ఈ రోజు సంగతీ, ఈ రాతి మీద నా జాగా సంగతీ తెలీదు. నేనెత్తితే గదిలోంచి లేచిపోతాడు. నువ్వు చెప్పు. నువ్వంటే వాడికి భయం."

"చెప్తాలే" అన్నాను. చెప్పలేదు. మనిషి బతికుండగా సమాధి మాట ఎత్తడం అశుభమనిపించింది.

సెప్టెంబరులో దహనం చేశారు. దహనం మనకు కొత్త కాదు కనుక నేనేమీ అనలేదు. అస్థికలు భర్త దగ్గరికే చేరుస్తారనుకున్నాను. అక్టోబరు చివర అడిగాను.

"సముద్రంలో కలిపేశాం ఆంటీ. సింపుల్‌గా."

"మీ నాన్న రాతి మీద జాగా ఉందిగా?"

"ఏ జాగా?"

నిజంగానే తెలియదు. అప్పుడు మొత్తం చెప్పాను.

"నాకెవరూ చెప్పలేదు ఆంటీ."

"నన్ను చెప్పమంది. నేను చెప్పలేదు."

వాడు లోపలికి వెళ్ళిపోయాడు.

నవంబరు రెండున ఒక్కదాన్నే బస్సెక్కాను. ఒళ్ళో రెండు కుండీలు, సంచిలో బ్రష్షు. ఆయన పేరు తోమాను. కింది సగం కూడా అంతే శ్రద్ధగా తోమి, నీళ్ళు పోశాను. తడికి రాయి నల్లగా మెరిసింది. పేరు ఉండాల్సిన చోట చామంతుల పసుపు మసకగా కనిపించి, రాయి ఆరేకొద్దీ చెరిగిపోయింది.