పురుటిగదిలో మునగాకు

మొన్న మా అమ్మాయి విజయనగరం నుంచి వస్తూ నాకోసం ఒక డబ్బా తెచ్చింది. మూత తీస్తే లోపల పచ్చటి పొడి. మునగాకు పొడట, రోజూ గోరువెచ్చటి నీళ్లలో చెంచాడు కలుపుకుని తాగాలట, పొద్దున్నే గుప్పెడు మొలకెత్తిన పెసలు కూడా తినాలట. ఇలాంటి వాటిని ఇప్పుడు సూపర్‌ఫుడ్స్ అంటున్నారని, వీటిలో ఇనుము, విటమిన్లు ఎంతెంత ఉంటాయో ఫోనులో చూసి చదివి వినిపించింది. నేను తలూపుతూ విన్నానే గాని ఆ పచ్చి ఆకు వాసన నన్ను అప్పటికే గజపతినగరం పక్కన మా అత్తవారి ఊళ్లో, కిటికీ మూసేసిన ఒక గదిలోకి తీసుకుపోయింది. ఆ గదిలో నా పక్కన పాతచీర ముక్కలో చుట్టి ఉన్న పసిగుడ్డు ఇదే అమ్మాయి.

నా ఈడు ఆడవాళ్లకి పురుటిగది అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మా కన్నవారిది శ్రీకూర్మం దగ్గర పల్లె. అమ్మ నా చిన్నప్పుడే పోవడంతో తొలికాన్పయినా పుట్టింటికి పంపలేదు, అత్తగారే చేశారు. గాలి తగలకూడదని కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి, గుమ్మానికి గోనెపట్టా వేలాడదీసి, మూల కుంపటి పెట్టారు. పాతబియ్యం అన్నంలో వేయించిన వెల్లుల్లి, మిరియాల పొడి, నాలుగు చుక్కల నువ్వులనూనె, అదే రెండు పూటలా. నీళ్లు కాచి చల్లార్చినవి, అవీ గొంతు తడిసేంత మటుకే. పాలకీ పళ్లకీ జలుబు చేస్తుందని, ఆకుకూరకి కడుపు జారి విరేచనాలు పట్టుకుంటాయని, చేపకి పుండు మానదని ఏవీ దగ్గరికి రానిచ్చేవారు కాదు. సముద్రపు గాలిలో, చేపల పులుసులో, పొన్నగంటి కూరలో పెరిగినదాన్ని, ఆ పొగలో చెమటలు కక్కుకుంటూ పడుకుని, గోనెపట్టా కింది నుంచి కనబడే జానెడు వెలుగులో కోడిపెట్టల కాళ్లు చూసి బయట ప్రపంచం ఇంకా ఉందని నమ్ముకునేదాన్ని. మా ఆయన నెల్లిమర్ల జూట్‌మిల్లులో పని చేసేవారు. సెలవు దొరికినప్పుడు వచ్చి గుమ్మం అవతలే నిలబడి, ఒంట్లో ఎలా ఉందని అడిగి వెళ్లిపోయేవారు. తల్లి మాట కాదనే మనిషి కారు.

ఇవన్నీ ఎలాగో ఓర్చుకున్నాను గాని నన్ను కుంగదీసింది మరొకటి. పొద్దు వాలేసరికి నా కళ్లు పనిచేయడం మానేసేవి. కడుపుతో ఉండగానే కాస్త కాస్తగా మొదలైంది, గదిలో చీకటివల్లనే అనుకుని సరిపెట్టుకున్నాను. కాని దీపం వెలిగించినా దీపం మటుకే ఒక పసుపు చుక్కలా కనబడి, దాని చుట్టూ ఉన్నదంతా నల్లగా మూసుకుపోతుంటే భయం పట్టుకుంది. నా బిడ్డ మొహం నాకు పగటి మొహమే. సాయంత్రమైతే చేతులతో తడుముకుని చూసుకోవలసిందే. ఎవరికైనా చెబితే గుడ్డిపిల్లని అంటగట్టారని పుట్టింటికి పంపేస్తారేమో, బిడ్డని తీసేసుకుంటారేమో అని నోరు కుట్టేసుకున్నాను. గది ఒక చెర, దాని లోపల నా కళ్లు ఇంకొక చెర.

ఆ రోజుల్లో మిషన్ ఆసుపత్రి నుంచి ఒక నర్సమ్మ సైకిల్ మీద ఊళ్లు తిరిగేది. బిడ్డని చూడడానికి వచ్చి, నా కింది కనురెప్ప లాగి చూసి, రక్తం లేదంది. సాయంత్రం పూట కళ్లు సరిగ్గా కనబడుతున్నాయా అని నెమ్మదిగా అడిగింది. వెనక అత్తగారు నిలబడి ఉన్నారు. కనబడుతున్నాయన్నాను. నర్సమ్మ నమ్మలేదనుకుంటాను. మునగాకు, తోటకూర కాస్త నూనె వేసి వండి పెట్టమని, పెసలు నానబెట్టి మొలకలు వచ్చాక ఆవిరి మీద ఉడికించి, దించాక నిమ్మకాయ పిండి ఇమ్మని అత్తగారికి చెప్పింది. ఆకులో ఉన్న సత్తువ కళ్లకీ రక్తానికీ పనికొస్తుందని, నూనె లేకపోతే కళ్లకి కావలసినది ఒంటికి పట్టదని, నిమ్మరసం తోడైతే ఇనుము బాగా అందుతుందని, మొలకెత్తిన గింజ మామూలు గింజకన్నా తేలిగ్గా అరుగుతుందని ఓపిగ్గా వివరించింది. అత్తగారు అంతా విని ఒక్కటే అన్నారు: "మా ఇంట్లో బాలింతకి ఆకు పెట్టం నర్సమ్మా. నువ్వెల్లిరా."

ఆ తరవాత ఒక సాయంత్రం బిడ్డ పాలు తాగి నిద్రపోయింది. ఎప్పటిలాగే చేత్తో తడిమి, మెత్తగా తగిలిన గుడ్డల మీద పడుకోబెట్టాను. అవి కుంపటి పక్కన వెచ్చబెట్టడానికి వేసిన గుడ్డలని నాకు తెలియదు. నిప్పులకీ బిడ్డ తలకీ మధ్య బెత్తెడు ఎడం కూడా లేదట. సాంబ్రాణి వేయడానికి లోపలికి వచ్చిన అత్తగారు ఒక్క ఉదుటున బిడ్డని లాక్కున్నారు. తిడతారనుకుని ముడుచుకుపోయాను.  ఆవిడ నా మొహం ముందు చెయ్యి ఆడించినట్టున్నారు, గాలి తగిలింది.

"ఒసే, నీకు అగుపడ్డం నేదేటే?"

నేను ఏడుపు మొదలెట్టాను. ఆవిడ బిడ్డని ఒళ్లో పెట్టుకుని నా పక్కన చాప మీద కూలబడ్డారు. ఆ చీకట్లో, నాకు మొహం కనబడదన్న ధైర్యంతోనే కాబోలు, అంతవరకు ఎవరూ నాకు చెప్పని మాట చెప్పారు.

"నా పెద్దకూతురు ఈ గదిలోనే పోయిందమ్మా. పురిటి మంచం మీద తోటకూర కావాలని అడిగితే నానే వండి పెట్టినాను. తెల్లారికి కడుపు జారింది, మరి ఆగనేదు. నీళ్లిస్తే ఎక్కువవుతాదని నీళ్లు కూడా ఇవ్వనేదు."

అది ఆకు చేసిన పని కాదని, దాన్ని కడిగిన వర్షాకాలపు చెరువునీళ్లు చేసిన పని అయి ఉంటుందని మర్నాడు నర్సమ్మ చెప్పింది. అవును, మర్నాడు పొద్దున్నే అత్తగారే ఆవిడ కోసం పొలంగట్లు పట్టుకుని వెళ్లారు. నర్సమ్మ నాకు నూనెలాంటి మందు ఒకటి పట్టి, మందు దారి చూపిస్తుందేగాని నిలబెట్టేది తిండేనంది. అత్తగారు మునగాకు దూసి, కాచిన నీళ్లలో మళ్లీ మళ్లీ కడిగి, పెసరపప్పుతో వండారు. నా కంచంలో మాత్రం పెట్టలేదు. ముందు తాను తిని, గుమ్మంలో కూర్చుని, సాయంత్రం దాకా తన కడుపుని తానే కాపలా కాశారు. ఏమీ కాలేదని తేలాకే మళ్లీ పొయ్యి రాజేసి, తాజాగా వండి నాకు పెట్టారు. మొదటి ముద్ద నేను మింగేదాకా నా చెయ్యి పట్టుకునే ఉన్నారు. 

ఆ తరవాత తడిగుడ్డలో మూటగట్టిన పెసలు మా వంటింటి వాసానికి వేలాడడం మామూలైంది. కిటికీ గుడ్డలు ఒక్కొక్కటే ఊడాయి. నా చూపు ఒక్కసారిగా రాలేదు. మబ్బు విడినట్టు మెల్లగా వచ్చింది. ఒకనాడు దీపం వెలుగులో బిడ్డ కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనబడితే, లేపేస్తానేమోనన్న జ్ఞానం కూడా లేకుండా మొహమంతా ముద్దులు పెట్టుకున్నాను.

ఈ అమ్మాయి తన కాన్పుకి వచ్చినప్పుడు ఆకుకూర లేకుండా ఒక్క పూట కూడా పెట్టలేదు నేను. వద్దంటున్నా వినకుండా మంచం దగ్గర కూర్చుని తినిపిస్తుంటే, కట్టేసి మేపుతున్నావేమిటమ్మా అని విసుక్కుంది. నవ్వాను గాని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. భయపడిన మనిషి ప్రేమ ఎప్పుడూ తలుపులు వేసే వస్తుందేమో.

ఇప్పుడు కాన్పులు వెలుతురున్న ఆసుపత్రుల్లో అవుతున్నాయి, బాలింతకి గుడ్డూ పాలూ ఆకుకూరా అడక్కుండానే పెడుతున్నారు, కడుపు జారితే ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు పట్టాలని ఇంటింటా తెలుసు. ఇవన్నీ ఆ రోజుల్లోనే తెలిసి ఉంటే అత్తగారి పెద్దకూతురు బతికేది. ఎనభై దగ్గరపడుతూ, మోకాళ్ల నొప్పులని మూలుగుతూ, నా వంటకి వంకలు పెడుతూ, నాకూ ఒక వదిన ఉండేది.