అమ్మ చూసిన దర్శనం

ఆస్ట్రేలియా ఉత్తరాన, మేముండే డార్విన్‌లో ఆ ఏడాది ఈస్టర్ దాకా వానలు వదల్లేదు. గాలి ఆడదు, చెమట ఆరదు. నా దగ్గర ఉండటానికి కాకినాడ నుంచి వచ్చిన అమ్మ అప్పటికే సగమైపోయింది. జాకెట్లు వదులయ్యాయి, కుర్చీలోంచి లేవాలంటే నా భుజం కావాలి. "వయసు కదే," అనేది. నేనూ అదే అనుకున్నాను. అయినా గుడ్ ఫ్రైడే ఉపవాసం మాత్రం మానలేదు. గుక్కెడు మంచినీళ్ళయినా తాగమని బతిమాలాను. "సిలువ మీద దాహమన్న ప్రభువుకి పులిసిన చిరకేగా ఇచ్చారు. నాకు నీళ్ళు కావాల్సొచ్చాయా?" అంది.

మధ్యాహ్నం ఆరాధన అయ్యాక, ఉపవాసం విరమించడానికి తెలుగువాళ్ళం కొందరం మా ఇంట్లో చేరాం. నేను గంజి కాస్తుంటే హాల్లోంచి అమ్మ గొంతు వినిపించింది. గోడవైపు చూస్తూ, ఎప్పుడో పోయిన మా పెద్దమ్మతో మాట్లాడుతోంది. వేళ్ళు చీర కుచ్చిళ్ళను పీకుతున్నాయి.

మా సంఘంలో పెద్దావిడ, అందరికీ ఆంటీ, మోకాళ్ళ మీదికి దిగింది. "కదపొద్దమ్మా. దర్శనం చూస్తున్నారు. ఎంత ధన్యత," అంది. మిగతావాళ్ళూ మోకరించి ప్రార్థన అందుకున్నారు. అప్పుడు అమ్మ నావైపు తిరిగింది.

"ఎవత్తివే నువ్వు? నా కూతుర్ని ఏం చేశావు?"

ఆ కళ్ళలో దేవుడూ లేడు, దూతలూ లేరు. వట్టి భయం.

"దర్శనం చూసేవాళ్ళు కన్నకూతుర్ని మర్చిపోతారా ఆంటీ? లేవండి, దారివ్వండి," అన్నాను. నా నోటికి జడిసి లేచారు. మా ఆయన కారు తీశారు. అమ్మని నేనే ఎత్తుకున్నాను, చంటిపిల్లంత బరువు కూడా లేదు. దారంతా, పక్కనే నేనుంటే, "అమ్మాయ్, అమ్మాయ్" అని నన్నే పిలుస్తోంది. చచ్చిపోతుందేమోనని ఒక భయం, బతికి ఇలాగే ఉండిపోతుందేమోనని ఇంకో భయం. రెండోదే నన్ను ఎక్కువ వణికించింది.

ఒంట్లో నీళ్ళు లేవనీ, యూరిన్‌లో ఇన్‌ఫెక్షన్ ఉందనీ హాస్పిటల్లో డాక్టరు చెప్పాడు. గట్టి మనిషైతే తట్టుకునేదట. ఇంతగా నీరసించిన ఒంట్లో అది తిన్నగా మెదడు మీద పడుతుందట. "మళ్ళీ మామూలు మనిషవుతుందా?" అని అడిగాను. చాలామంది అవుతారన్నాడు. అందరూ అవుతారని మాత్రం అనలేదు.

సెలైన్ ఎక్కిస్తుంటే మెల్లగా తేరుకుంది. ఒక ఉదయం నన్ను పేరు పెట్టి పిలిచింది. నాకు ఏడుపాగలేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, గొంతు తగ్గించి అంది: "ఆ రోజు ఎవత్తో నన్ను ఎత్తుకుపోయి కార్లో పడేసిందే. నిన్ను ఎంత పిలిచానో. ఎందుకు రాలేదు?"

అది నేనేనని చెప్పడానికి నోరు రాలేదు. "దారిలో ఉన్నానమ్మా," అన్నాను.

అమ్మ తలుపువైపు చూసింది. "మళ్ళీ వస్తే దాన్ని లోపలికి రానివ్వకే."

రానివ్వనన్నాను.